నడుము దగ్గర వెన్నునాళం ఇరుకైతే మందులతో నయమవుతుందా?

వెన్నునాళం అంటే వెన్నెముక లోపల నరాలు సాగే దారి. ఆపరేషన్ లేకుండా బిళ్ళలతోనే ఈ ఇరుకు పోతుందా అని మీరు అడిగారు. ఇరుకు పోదు, నొప్పి మాత్రం కొంత తగ్గవచ్చు. వెన్నులోని కీళ్ళు ఉబ్బి, ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు మందమై, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు వెనక్కి జరిగి మూసుకువచ్చిన దారిని వెడల్పు చేసే మందు లేదు.

మా నాన్నగారికి ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య, నాళం ఇరుకైనట్లు తేలింది. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి నుంచి శంకర్ విలాస్ సెంటరుకు సైకిల్ మీద హాయిగా వెళ్ళివచ్చే ఆయన, అదే దారిన నడిస్తే పిక్కలు పట్టేసి, కనిపించిన ప్రతి అరుగు మీదా కూర్చునేవారు. ముందుకు వంగినప్పుడు నాళంలో కాస్త చోటు ఏర్పడుతుంది కనుక సైకిల్ మీద ఆ బాధ ఉండేది కాదు. ఒక డాక్టరు గారు నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, బి12 విటమిన్‌లో ఒక రకమైన మిథైల్ కోబాలమిన్ కలిసిన బిళ్ళ రాత్రిపూట వేసుకోమన్నారు. కొద్దిరోజులకే పాదాలు వాచాయి. ఉప్పు ఎక్కువై వాపు వచ్చిందని మా అమ్మ గోంగూర పచ్చడి మాన్పించింది. ఒక అర్ధరాత్రి బాత్రూముకు లేచి, తల తిరిగి, ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయిన ఆయనను చూసి పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయాము. మరొక డాక్టరు గారు అన్నిటికంటే ముందు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు అడిగారు. ప్రెగాబాలిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి, వాటి పని మందగించినవారికి మోతాదు తగ్గించాలని చెప్పి, అలాగే తగ్గించారు. వాపు, తూలు రెండూ పోయాయి. ఇటువంటి మందును ఖాళీ షీటు చూపిస్తే చాలు, చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలంటే నాకు ఇప్పటికీ కోపమే. డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలను పెద్దవాళ్ళకు నెలల తరబడి మింగించడం కూడా అంతే ప్రమాదం: కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

నడుములో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి కూడా మీకు చెబుతారు. అమెరికాలో 400 మందిపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, తిమ్మిరెక్కించే మందు లిడోకెయిన్ ఒక్కటే ఇచ్చినవారికీ, దానికి స్టెరాయిడ్ కలిపి ఇచ్చినవారికీ 6 వారాల తరువాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే, మందు పనిచేస్తోందో లేదో ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారన్న దానితోనే తేల్చాలని నేను గట్టిగా నమ్ముతాను. మా నాన్నగారి నడక పెరిగింది ఫిజియోథెరపిస్టు నేర్పిన, ముందుకు వంగే వ్యాయామాల వల్లనే. బిళ్ళలు ఆ వ్యాయామం చేసే ఓపికను మాత్రమే ఇచ్చాయి.

అయితే మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి ఎత్తలేక వేలాడిపోతున్నా బిళ్ళలతో కాలయాపన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.