అమ్మానాన్నల బ్రిటన్ విజిటర్ వీసా తిరస్కరించారు, అప్పీలు చేయవచ్చా?

మీ అమ్మానాన్నలకు వీసా రాలేదని, ఒక కన్సల్టెంటు అప్పీలు వేస్తానంటూ డబ్బు అడుగుతున్నాడని రాశారు. ముందు ఆ డబ్బు ఇవ్వడం ఆపండి. బ్రిటన్ విజిటర్ వీసాకు అప్పీలు లేదు. ఒకప్పుడు ఉండేది. బంధువులను చూడటానికి వచ్చేవారికి ఉన్న అప్పీలు హక్కును 2013 జూన్ 25 నుంచి తీసేశారు. అప్పీలు లేదన్న సంగతి తిరస్కరణ లేఖ చివర్లోనే ఉంటుంది. మొదటి పేరాకే మనసు విరిగిపోయి అక్కడిదాకా చదవం. నేనూ చదవలేదు.

2022 ఏప్రిల్‌లో మా వాళ్లకూ ఇదే జరిగింది. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె, ఆరెకరాల పొలం, ప్రధానంగా పసుపు. నేను లెస్టర్‌లో ఉంటున్నాను. మనవరాలిని చూడటానికి రమ్మని దరఖాస్తు నేనే నింపాను. లేఖలో వి 4.2 నిబంధన (వచ్చేది నిజంగా చూసి వెళ్లడానికేనా అని చూసేది) కింద రెండు అభ్యంతరాలు రాశారు. దరఖాస్తుకు తొమ్మిది రోజుల ముందు ఖాతాలో పడిన ఆరు లక్షలు ఎక్కడివో తెలియడం లేదన్నది మొదటిది. వ్యవసాయమే జీవనాధారమన్న మనిషి మే నుంచి అక్టోబరు దాకా ఊరు విడిచి ఎలా ఉంటాడు, తిరిగి వెళతాడని నమ్మకం ఏమిటి అన్నది రెండోది.

ఆ ఆరు లక్షలు పసుపు అమ్మిన డబ్బు. "నా పంట సొమ్మును అనుమానిస్తారా, ఇక ఆ దేశం గడప తొక్కను" అని నాన్న ఫోను పెట్టేశాడు. నాకూ కోపమొచ్చింది. ఆ కోపంలోనే అప్పీలు, అప్పీలు అంటూ రెండు నెలలు తిరిగాను. చివరికి ఒక సొలిసిటరు పది నిమిషాల్లో తేల్చేశారు: మిగిలింది న్యాయసమీక్ష (జ్యుడీషియల్ రివ్యూ) ఒక్కటే, దానికి మూడు నెలల గడువు, ముందుగా వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకు నోటీసు లేఖ పంపాలి. అయితే అక్కడ కొత్త కాగితాలు చూపి మళ్లీ వాదించడం కుదరదు, ఉన్న కాగితాలను బట్టి అధికారి నిర్ణయం చట్టబద్ధమా కాదా అన్నదే చూస్తారు. "పసుపు అమ్మిన కాగితం మీరు జత చేశారా?" అని అడిగారు. చేయలేదు. బ్యాంకులో పెద్ద అంకె కనిపిస్తే చాలనుకున్నాను. ఇక్కడ తప్పు అధికారిది కాదు, నాది. మీరు పంపిన కాగితాన్నే చూడకుండా "ఆధారం లేదు" అని రాసి ఉంటే మాత్రం న్యాయసమీక్ష దారి ఆలోచించదగ్గదే, ఖర్చు భరించగలిగితే.

మాకు పనికొచ్చింది కొత్త దరఖాస్తు. ఫీజు మళ్లీ కట్టాలి, పాతది తిరిగి రాదు. ఎన్నిసార్లయినా వేయవచ్చు, కానీ అవే కాగితాలతో వేస్తే అదే జవాబు వస్తుంది. మేము తిరస్కరణ లేఖను ముందు పెట్టుకుని వాక్యం వాక్యానికీ జవాబు రాశాం. మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చిన తక్‌పట్టీలు (పంట అమ్మిన చీటీలు) రెండేళ్లవి తీశాం. తక్‌పట్టీలోని మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంటులోని జమ పక్కపక్కన పెట్టి గుర్తు పెట్టాం. పట్టాదారు పాసుపుస్తకం జత చేశాం. ఎకరాకు 5,000 చొప్పున సీజనుకు 30,000 రైతుబంధు పడిన వరుసలు ఆ పాసుపుస్తకంలోని ఆరెకరాలకు సరిగ్గా సరిపోయాయి, మేము అనుకోని సాక్ష్యం అది. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు కాబట్టే రిటర్నులు లేవని ఒక్క వాక్యంలో చెప్పాం. ఇది చెప్పకపోతే అధికారికి మన రైతు ఆదాయమే లేని మనిషిలా కనిపిస్తాడు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి, దానిపై అనువాదకుడి ధ్రువీకరణ, పేరు, సంతకం, తేదీ, సంప్రదింపు వివరాలు ఉండాలి.

ఇక తేదీలు. ఐదు నెలలు అడగడం నా అత్యాశ. పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, అమ్మకం అయ్యేసరికి ఏప్రిల్ వస్తుంది, మళ్లీ విత్తేది జూన్‌లో. అందుకని 2023లో ఏప్రిల్ నెలాఖరు నుంచి ఐదు వారాలే అడిగి, మృగశిర కార్తెకు ముందే తిరుగు ప్రయాణమని రాశాం. పాత తిరస్కరణ గురించి దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది, దాచకండి. నిజం చెప్పినందుకు నష్టం లేదు. దాచినా, నకిలీ బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టినా మోసం కింద పదేళ్ల నిషేధం పడవచ్చు. "ఖాతాలో నెల రోజులు డబ్బు ఉంచుతాం" అనే ఏజెంట్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, నిషేధం పడేది వాళ్ల మీద కాదు.

ఇదంతా విజిటర్ వీసా సంగతి. భార్యాభర్తల వీసా తిరస్కరిస్తే దారి వేరు: సాధారణంగా మానవ హక్కుల ప్రాతిపదికన ట్రిబ్యునల్‌కు అప్పీలు ఉంటుంది, బ్రిటన్ బయట ఉన్నవారికి గడువు 28 రోజులు. బ్రిటన్‌లో ఎవరి సలహాకైనా డబ్బు కట్టే ముందు వారు సొలిసిటరో, ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారో చూసుకోండి. రిజిస్టరులో లేకుండా డబ్బు తీసుకుని సలహా ఇవ్వడం అక్కడ నేరం.

మా వాళ్లకు రెండోసారి మూడు వారాల్లోపే వీసా వచ్చింది. గడప తొక్కనన్న నాన్న హీత్రూలో దిగాడు. పాస్‌పోర్టు చూసిన అధికారి ఎన్నాళ్లుంటారని మాత్రమే అడిగాడట. నాన్న అయినా జేబులోంచి తక్‌పట్టీ తీసి చూపించాడట.