జేసీబీ రాకముందే ఒకసారి ఇల్లు చూద్దాం

చిరంజీవి అబ్బాయికి పెదనాయన ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "పాత మట్టి మిద్దె పడగొట్టేస్తున్నా పెదనాయనా, జేసీబీకి అడ్వాన్స్ కూడా ఇచ్చినా" అన్నావు. నాకు వెంటనే మాట రాలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు. నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేశాను, ఆ ఇంటి గోడల్లో రెండు నా చేత్తో కట్టినవే. ఆ మమకారం ఎలాగూ ఉంటుంది. కానీ ఈ ఉత్తరం దానికోసం కాదు. పడగొట్టే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు నీ భయం సంగతి. అది ఉత్త భయమని నేను అనను. ముసురు పట్టిందంటే మన అనంతపురం, కర్నూలు పేపర్లలో మట్టి మిద్దె కూలి మనుషులు పోయారన్న వార్త వస్తూనే ఉంటుంది. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. పసిబిడ్డను పెట్టుకుని ఆ టెన్షన్ పడమని నిన్ను ఎలా అడుగుతాను? మిద్దె పూర్తిగా చూసేదాకా, వాన రెండు రోజులు వదలకపోతే ఆ గదుల్లో ఎవరినీ పడుకోనివ్వొద్దు. ఎవరినీ పైకి ఎక్కనివ్వొద్దు కూడా.

అయితే కూలేది ఏమిటో చూడాలి. నేను చూసిన వాటిలో చాలావరకు ముందు పడింది పైకప్పే. గోడలు నిలబడే ఉన్నాయి. పైకప్పును పడేసింది కూడా బరువూ, చెదలూ. దూలాల మీద దంతెలు (అడ్డంగా వేసే సన్న కర్రలు), వాటి మీద పుల్లలు, ఆపైన కానుగాకో వేపాకో పరిచి తడిమన్ను వేసి, అన్నిటికీ పైన చవుడు పోస్తాం. చవుటి మట్టికి ఉప్పు గుణం ఉంటుంది. తడి తగలగానే అందులోని సన్న మట్టి ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది, నీళ్ళు కిందికి దిగవు. అందుకే రోహిణి ఎండల్లో చవుడు తోలించి, మృగశిర లోపల మిద్దె మీద పరిపించేవాళ్ళు.

మీ తాత పాత చవుడు గీకించి దించిన తర్వాతే కొత్తది పోయించేవాడు. ఆయన పోయాక కూలీలు దొరక్క మీ నాయన పాతదాని మీదే పోయిస్తూ వచ్చాడు. పోయిన నెల నేను తూర్పు గది గవాక్షం దగ్గర అంచు కొలిచి చూశాను. జానెడు మీద నాలుగు వేళ్ళు వచ్చింది, అంటే అడుగు మందం. ఆ గది పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. దాని మీద అడుగు మట్టి అంటే దగ్గర దగ్గర తొమ్మిది టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. తాత కాలం నాటి వేపదూలాలు అంత బరువు మోస్తున్నాయి.

కాబట్టి మొదటి పని ఆ మట్టి దించడం. కింద పోటీలు, అంటే దూలాలకు ఆసరా గుంజలు, పెట్టకుండా పైన పార వేయొద్దు. ఒక మూల నుంచి కాక రెండు వైపుల నుంచీ సమానంగా దించుతూ రావాలి. తర్వాత ప్రతి దూలాన్నీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మధ్యలో పొడిస్తే ఏమీ తెలియదు. గోడలోకి దిగిన కొనల దగ్గర పొడవాలి, పుచ్చేది అక్కడే. ములుకు అంగుళం లోపలికి దిగిందంటే ఆ దూలం పనికిరాదు. మార్చాల్సి వస్తే ఇనప దూలాలు వేసి, వాటి మీద బేతంచెర్ల బండలో తాడిపత్రి బండలో పరిపించు. బరువెంతో ముందే లెక్క తెలుస్తుంది, ఏటేటా పెరగదు. చవుడే కావాలంటే అర అడుగు దాటనివ్వొద్దు. ఆ గోడల మీద స్లాబు మాత్రం వేయొద్దు. స్లాబు కావాలంటే వెనక కొత్త గదికి వేసుకో.

ఇక గోడల అడుగుభాగం. ఇక్కడ తప్పు నాదే. కోడలు కాపురానికి వచ్చేముందు ఇల్లు నీటుగా ఉండాలని మీ నాయన అడిగితే, బయట గోడకు మూడడుగుల ఎత్తున సిమెంటు పూత పూశాను. అప్పట్లో ఎవరింట్లో చూసినా అదే. మట్టి గోడ నేలలోంచి తడి పీలుస్తుంది, ఎండకు వదులుతుంది. సిమెంటు ఆ తడిని బయటికి పోనివ్వదు. నాలుగేళ్ళకు పూత పలకలు పలకలుగా ఊడొచ్చింది. వేలు పెడితే లోపలి మట్టి ముద్దలా దిగింది. వందేళ్ళు గట్టిగా ఉన్న గోడ మెత్తబడింది నా తాపీ వల్ల. ఆ సిమెంటంతా చెక్కించి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, మట్టి పూతో సున్నం గారో వేయించు. చుట్టూ నీళ్ళు నిలవకుండా వాలు పెట్టించు.

బాత్రూము సంగతి. కోడలు అడుగుతున్నది న్యాయమే, ఇంటిని అంటుకుని బాత్రూము ఉండాల్సిందే. కానీ మట్టి గోడను తొలిచి పైపులు వేయొద్దు. వెనక ఖాళీలో వంటిల్లు, బాత్రూము వేరే గోడలతో కట్టు. కరెంటు వైర్లు గోడ మీద పట్టీలో పోనివ్వు.

ఆ కొత్త గదులు మట్టి ఇటుకలతో కట్టుకోవచ్చు. కాల్చక్కర్లేదు. మన ఎర్రమట్టిలో నూటికి అయిదు నుంచి ఎనిమిది పాళ్ళు సిమెంటు కలిపి, మిషన్లో ఒత్తి, నీడన పెట్టి మూడు నాలుగు వారాలు తడపాలి. బెంగళూరులో సైన్సు పరిశోధన చేసే ఐఐఎస్‌సీలో 1974లో మొదలైన అస్త్ర కేంద్రం వాళ్ళు ఈ పని మీద ఏళ్ళ తరబడి శ్రమించారు, ఇప్పుడు దాని పేరు సెంటర్ ఫర్ సస్టైనబుల్ టెక్నాలజీస్, నీకు దగ్గరే, వెళ్ళి చూడు. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో ఇలాంటి ఇటుకలతో అంతస్తుల ఇళ్ళే ఉన్నాయి. మట్టి ఎలాంటిదో తెలియాలంటే గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచు. ఇసుక అడుగుకు చేరుతుంది, బంక పైన పేరుతుంది. సగానికి పైగా ఇసుక కనిపిస్తే ఇటుకకు పనికొస్తుంది. నల్లరేగడి తేవొద్దు, ఎండితే పగులుతుంది. సేద్యం చేసే పైమట్టి అసలే తవ్వొద్దు.

ఇంజనీరు "మట్టికి లెక్కేముంది" అంటే, మట్టి ఇటుకలకు ఐఎస్ 1725, మట్టి ఇళ్ళు భూకంపానికి తట్టుకునేలా కట్టడానికి ఐఎస్ 13827 ఉన్నాయని చెప్పు. రెండూ మన దేశం రాసుకున్న ప్రమాణాలే. అయినా ప్రభుత్వ లెక్కల్లో మట్టి గోడను కచ్చా కిందే చూస్తారు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు స్లాబు ఇల్లేనా అని ముందే అడుగుతారు. నీ తొందరలో ఆ సిగ్గు కూడా కొంత ఉందేమోనని నాకు అనుమానం. ఉంటే నాతో చెప్పు, కోప్పడను. ఎంతోమంది ఇళ్ళు పడగొట్టించింది చెదల కన్నా ఆ మాటే ఎక్కువ.

మాలి దేశంలో జెన్నే అనే ఊళ్ళో పెద్ద మట్టి మసీదు ఉంది. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. ఏటా ఊరంతా కలిసి దానికి మట్టి పూస్తారు. మనకూ చవుడు తోలే రోజు అలాగే ఉండేది. నాలుగిళ్ళవాళ్ళు ఒక ఇంటి మీద పనిచేసి, మర్నాడు పక్కింటికి పోయేవాళ్ళు. మీ అవ్వ అందరికీ సంగటి వండేది. ఆ మనుషులు పోవడంతో మిద్దెలకు కష్టకాలం వచ్చింది. ఇప్పుడు ఆ పనికి డబ్బు పెట్టాలి. ఏటా కొంత పక్కన పెట్టగలమా అన్నది నువ్వూ కోడలూ కూర్చుని ఆలోచించుకోండి. పెట్టలేమంటే బండల కప్పే మేలు.

ఇదంతా చేసి చూశాక గోడలే వంగి ఉన్నాయనుకో, పై నుంచి కిందికి చేయి దూరేంత పగులు ఉందనుకో, నేనే పడగొట్టమంటాను. దూలాలు, తలుపులు, గడప జాగ్రత్తగా ఊడదీసి, గోడ మట్టిని మళ్ళీ జల్లించి వాడుకుందాం. ఆ మట్టి ఎక్కడికీ పారేయక్కర్లేదు.

జేసీబీ అతనికి ఫోన్ చేసి నెల తర్వాత రమ్మన్నాను. అడ్వాన్స్ అతని దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకే రా, ఎండ ఎక్కకముందే దూలాలు చూడాలి. పోటీలకు ఎనిమిది సరుగుడు గుంజలు చెప్పి పెట్టాను. చవుడు ఎక్కడ తవ్వాలో, నాలుక మీద వేసుకుని మంచి చెడ్డా చెప్పగల మనిషి మన ఊళ్ళో ఇంకొక్కరే ఉన్నారు. నువ్వొస్తే ఆయన దగ్గరికి తీసుకుపోతాను.

ఇట్లు,
మీ పెదనాయన