బటాడ్ మెట్ల పొలాలు నిజంగా 2,000 ఏళ్లనాటివా?

ఫిలిప్పీన్స్‌లోని బటాడ్ ఊరి వరి పొలాల వయసు గురించి అడిగారు. పర్యాటక కరపత్రాల్లో కనిపించే ఆ 2,000 ఏళ్ల లెక్కను నేనైతే నమ్మను.

బటాడ్ లుజాన్ దీవి ఉత్తర కొండల్లో, ఇఫుగావో ప్రావిన్స్‌లో ఉంది. సగానికి కోసిన పెద్ద గిన్నెను ఊహించుకోండి: అడుగున ఇళ్లు, చుట్టూ వాలు మీద మెట్లుమెట్లుగా మడులు. ఇక్కడి గట్లు రాతి గోడలు. నడిచే దారి కూడా ఆ గోడల అంచే, కాలు జారితే కింది మడిలో పడాల్సిందే. మడుల పైన ముయోంగ్ అనే అడవి ఉంటుంది. ఒక్కో కుటుంబం తన ముయోంగ్‌ను కాపాడుకుంటుంది, ఎందుకంటే ఆ చెట్లు పోతే కాలువల్లో నీళ్లుండవు. పండించే దేశవాళీ వరి పేరు టినావోన్. ఏడాదికి ఒక్కసారే పండుతుంది, ఆ పేరుకు అర్థమూ అదే.

ఇక వయసు సంగతి. 20వ శతాబ్దం తొలినాళ్లలో బార్టన్, బేయర్ అనే అమెరికన్ పరిశోధకులు ఇంత నిర్మాణానికి ఎంతకాలం పడుతుందో అంచనా కట్టి వేల ఏళ్లన్నారు. తవ్వి తేల్చింది కాదు. ఇటీవల పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకబాడో బృందం ఇఫుగావోలో తవ్వకాలు జరిపి వేరే కథ చెప్పింది: మొదట చేమ సాగు, స్పెయిన్ వాళ్లొచ్చాక జనం కొండలెక్కడంతో సుమారు 400 ఏళ్ల క్రితం వరి మడులు విస్తరించాయి. స్పెయిన్‌కు తలవంచని జనం కట్టుకున్న పొలాలన్నమాట!

1995లో యునెస్కో గుర్తించిన ఇఫుగావో మెట్ల పొలాల్లో బటాడ్ కూడా ఉంది.