పాత నాణేలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఒకే వ్యాపారి దగ్గర రెండు రోమన్ వెండి నాణేలు కొన్నాను. ఒకటి ట్రాజన్ చక్రవర్తిది, ఇంకోటి గాలియెనస్ చక్రవర్తిది. నల్లగా ఉన్నాయని చింతపండుతో తోమితే మొదటిది తెల్లబడింది, రెండోది ఎర్రటి రాగిబిళ్లలా తేలింది. మోసపోయానా? (గుంటూరు)

జవాబు: మోసం లేదు. తోమడమే పొరపాటు. రెండూ వాటి కాలంలో వెండి నాణేలుగా చలామణి అయినవే. ఆగస్టస్ నాటి డెనారియస్ (రోమన్ల మామూలు వెండి నాణెం) దాదాపు మేలిమి వెండి, తూకం సుమారు 3.9 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో తూకమూ తగ్గించాడు, వన్నె కూడా తగ్గించాడు. ఒక రోమన్ పౌను తూకం వెండికి 84 నాణేలు కొట్టే చోట 96 కొట్టించాడు. ట్రాజన్ (98–117) నాణేల్లో వెండి నూటికి 80–90 పాళ్లు. 194–195 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ దాన్ని సుమారు సగానికి దించాడు. 215లో కారకల్లా కొత్త నాణెం తెచ్చాడు. రెండు డెనారియస్‌ల విలువ కట్టారంటారు గానీ, అందులో వెండి ఒకటిన్నర డెనారియస్‌లకు సరిపడేంతే! ఆంటోనినియానస్ అని మనం పిలిచేది దీన్నే. బొమ్మ వైపు చక్రవర్తి తలమీద ఆకుల దండ ఉంటే డెనారియస్, కిరణాల కిరీటం ఉంటే ఆంటోనినియానస్.

గాలియెనస్ ఒంటరిగా ఏలిన కాలం (260–268) చివరికి ఈ నాణెంలో వెండి 5 పాళ్లకు లోపు పడిపోయింది. పైన పలుచని వెండి పొర మాత్రం ఉండేది. ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టినట్టు అనుకోండి. దానికింద శతాబ్దాలుగా చిలుము చేరి, వెండి పొర ఆ చిలుము మీదే నిలిచి ఉంటుంది. చింతపండు పులుపు చిలుమును కరిగిస్తే పొర కూడా దాంతోపాటే ఊడుతుంది. మళ్లీ పూత వేయించవద్దు, ఉన్న కాస్త విలువా పోతుంది. నాణెం కొనేటప్పుడే అక్షరాల సందుల్లో భూతద్దంతో చూడండి. పూత మిగిలితే ముందు అక్కడే కనిపిస్తుంది. నిమ్మరసం, వెనిగర్, వెండి పాలిష్ దేన్నీ దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: నాణెంలో వెండి ఎంతో ఇంట్లో తెలుసుకోవచ్చా? గీటురాయి మీద గీయించవచ్చా? (కరీంనగర్)

జవాబు: గీటురాయి వద్దు. గీత పడితే నాణెం పాడవుతుంది. పైగా రాయి చెప్పేది పైపొర సంగతే. అచ్చు వేసే ముందు బిళ్లల పైన ఉన్న రాగిని తీసేసేవారు కాబట్టి లోపలికంటే పైన వెండి ఎక్కువ. నగల దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం కూడా ఇందుకే ఎక్కువ చూపిస్తుంది.

నీటి తూకం మేలు. 0.001 గ్రాము వరకు చూపే త్రాసు కావాలి. ముందు నాణేన్ని పొడిగా తూచండి. తర్వాత త్రాసు మీద డిస్టిల్డ్ వాటర్ గ్లాసు పెట్టి సున్నాకు తెండి. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే బుడగలు అంటుకోవు. నాణేన్ని సన్నని నైలాన్ దారంతో వేరే స్టాండుకు కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో ముంచండి. అప్పుడు కనిపించే అంకెతో పొడి తూకాన్ని భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధ వెండికి 10.49, రాగికి 8.96. వెండి 80 పాళ్లుంటే సుమారు 10.14, సగముంటే 9.67.

0.01 గ్రాము త్రాసు ఎందుకు పనికిరాదంటే, 3.30 గ్రాముల నాణేనికి నీళ్లలో 0.32 చూపితే వెండి 90 పాళ్లు, 0.33 చూపితే 71 పాళ్లు! ఒక్క అంకె తేడాకే లెక్క తలకిందులవుతుంది. సీసం కలిసినా, లోపల గుల్లబారినా కూడా లెక్క తప్పుతుంది. గాలియెనస్ నాణేలకు ఈ శ్రమ దండగ.

సాంద్రత 9.1 దగ్గర ఆగి, తూకం కూడా 2.5–2.8 గ్రాములే ఉంటే, రాగి బిళ్లకు వెండి రేకు తొడిగిన ఆనాటి దొంగ నాణెమేమో చూడండి. అంచున రేకు చిట్లి రాగి కనిపిస్తుంది. సేకరించేవాళ్లలో వీటిని ఇష్టపడి కొనేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి లేస్తోంది. తుడిచినా మళ్లీ వస్తోంది. (కాకినాడ)

జవాబు: ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉన్న చిలుము నాణేనికి రక్షణ. గోటితో గీకితే రాలే లేత పొడి మాత్రం జబ్బు. లోహంలో ఇరుక్కున్న క్లోరైడ్ గాలిలోని తేమతో కలిసి రాగిని తింటూ పోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ త్వరగా ముదురుతుంది. ఆ నాణేన్ని వెంటనే వేరు చేయండి. భూతద్దం కింద చెక్క పుల్లతో పొడిని పూర్తిగా తీసి, లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 50 గ్రాముల సోడియం సెస్క్వికార్బొనేట్ కలిపి అందులో నానబెట్టండి. వారానికోసారి ద్రావణం మార్చాలి, కొన్ని వారాలు పడుతుంది. రంగు కాస్త మారవచ్చు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో దాచండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటి నుంచే పచ్చటి జిగురు కారుతుంది. మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి.

ప్రశ్న: పొలం దున్నుతుంటే రోమన్ నాణేలు దొరికితే అవి ఏ చక్రవర్తులవి? ఏం చేయాలి? (నల్గొండ)

జవాబు: మీ జిల్లాలోనే అక్కనపల్లెలో 1,500కు పైగా డెనారియస్‌లు బయటపడ్డాయి, ఎక్కువగా ఆగస్టస్, టైబీరియస్‌లవి. దక్షిణాది నిధుల్లో నీరో తగ్గించిన తర్వాతి వెండి నాణేలు తక్కువ. మన వర్తకులు పాత వన్నెకే మొగ్గారని చరిత్రకారుల మాట. ఇక చట్టం సంగతి: 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగిన పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తూకం, ఫొటో తీసుకోండి, కడగకండి. మట్టి అంటిన నాణేలతోపాటు అవి ఉన్న కుండ పెంకులు కూడా అప్పగించండి.