అడగండి చెప్తాం: మా ఏజెంట్ తప్పు టూల్ ఎందుకు పిలుస్తోంది?

ప్ర: మాది పర్లాకిమిడి అండి. మా మావయ్య ఇటు గజపతి జిల్లా రైతుల దగ్గర జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకి పంపుతారు. ఆయన కోసం ఒక ఏఐ ఏజెంట్ (అడిగితే తనే పనులు చేసిపెట్టే ప్రోగ్రామ్) రాశాను, దానికి నాలుగు టూల్స్ (అవసరాన్ని బట్టి అది వాడుకునే చిన్న ప్రోగ్రాములు) ఇచ్చాను: గెట్_స్టాక్, గెట్_రేట్, గెట్_డేటా, ఆర్డర్. గోదాంలో ఎంతుంది అంటే ఒకసారి గెట్_స్టాక్ పిలుస్తుంది, ఇంకోసారి గెట్_డేటా పిలిచి పోయినేడాది లెక్కలు తెచ్చి పెడుతుంది. నిన్నయితే 50 బస్తాలు ఆర్డర్ రాయమంటే 50 కిలోలు రాసేసింది. దాని వెనకున్న ఏఐ మోడల్ ఇంకా పెద్దది తీసుకుంటే సరిపోద్దా?

జ: డబ్బులు దాచుకోండి తమ్ముడూ, ముందు మీరు పంపిన ఫైల్ చూద్దాం. గెట్_డేటా పక్కన మీరు రాసిన వివరణ మొత్తం ఇది: "డేటా తెస్తుంది". ఇది చదివి ఎవరికైనా ఏం అర్థమవుద్ది చెప్పండి? మోడల్‌కి మీ పైథాన్ కోడ్ కనపడదు. దానికి అందేది టూల్ పేరు, వివరణ, ఏయే విలువలు అడుగుతుందో ఆ జాబితా, అంతే. అవి చదివి ఫలానా టూల్‌ని ఫలానా విలువలతో పిలవమని చెప్తుంది, పిలిచేది మీ ప్రోగ్రామే. 2023 జూన్‌లో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్ఏఐ ఈ ఏర్పాటుని ఫంక్షన్ కాలింగ్ అనే పేరుతో తెచ్చిన దగ్గర్నించీ దాదాపు అన్ని కంపెనీలదీ ఇదే పద్ధతి.

గెట్_డేటా నిజంగా చేసే పని పాత ఖాతాలు చూపించడం కాబట్టి పేరు కూడా అదే పెట్టండి, "గడిచిన సీజన్ల కొనుగోళ్లు చూపిస్తుంది, ఇవాళ గోదాంలో ఉన్న సరుకు కోసం దీన్ని వాడొద్దు, దానికి గెట్_స్టాక్ ఉంది" అని రాయండి. ఎప్పుడు వాడాలో అందరూ రాస్తారు గానీ ఎప్పుడు వాడకూడదో రాసేవాళ్లు తక్కువ, ఒకేలా కనిపించే టూల్స్ రెండు పక్కపక్కన ఉన్నప్పుడు పని చేసేది ఆ రెండో వాక్యమే.

ఇక బస్తాల గొడవ. మీ ఆర్డర్ టూల్ "క్వాంటిటీ" అని ఒక అంకె అడుగుతోంది. కిలోలా, బస్తాలా? ఎక్కడా లేదు. పిక్కల బస్తా అంటే 80 కిలోలని మీ వైపు చిన్నపిల్లాడికీ తెలుసు, మోడల్‌కి మీరు చెప్తేనే తెలుస్తుంది, 4000 కిలోలు కాస్తా 50 అయ్యింది ఇందుకే. వివరణలో "బస్తా అంటే 80 కిలోలు, గుణించి ఇవ్వు" అని రాసినా చాలావరకు నడుస్తుంది గానీ నాకది నచ్చదు, లెక్కలు కోడ్‌కి వదిలేయడమే మంచిది. అంకె ఒక గడిలో, యూనిట్ ఇంకో గడిలో పెట్టి, యూనిట్‌కి బస్తా, కేజీ అని రెండే విలువలు ఒప్పుకోమనండి. వివరణ ఇలా:

"కొత్త కొనుగోలు ఆర్డర్ రాస్తుంది. రైతుతో రేటు కుదిరి, యజమాని సరే అన్నాకే పిలవాలి. రేటు కనుక్కోడానికి ఇది వాడొద్దు. యూజర్ చెప్పిన అంకె, యూనిట్ ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి, మార్చొద్దు. యూనిట్ చెప్పకపోతే అడగాలి. రాసిన ఆర్డర్‌ని ఈ టూల్ రద్దు చేయలేదు. ఆర్డర్ నంబర్ తిరిగి ఇస్తుంది."

రాశాక కోడ్ చూపించకుండా ఈ వివరణలు మాత్రమే మీ మావయ్య గుమస్తాకి ఇచ్చి, పది ప్రశ్నలు చదివి, దేనికి ఏ టూల్ అని అడగండి. ఆయన ఆగి ఆలోచించిన ప్రతిచోటా మోడల్ కూడా తడబడుతుందనే అనుకోండి.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదులెండి. ఆంత్రోపిక్ కంపెనీ వాళ్ల వెబ్ సెర్చ్ టూల్ వచ్చిన కొత్తలో వాళ్ల ఏఐ మోడల్ క్లాడ్ అవసరం లేకపోయినా వెతికే మాటలకి "2025" అని తగిలించేదట, వాళ్లు టూల్ వివరణ సవరించి దాన్ని దారిలో పెట్టారు.

ప్ర: రాయగడ నుంచి అడుగుతున్నాను. వివరణలు తెలుగులో రాయొచ్చా? ఎంత పొడుగు?

జ: రాయొచ్చు, పేర్లు మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్‌లతోనే ఉండాలి. అయితే వివరణ ప్రతి పిలుపుతోనూ మోడల్‌కి వెళ్తుంది, తెలుగుకి టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టి చదివే ముక్కలు, బిల్లు వీటి లెక్కనే) ఎక్కువ పడతాయి, బిల్లు చూసుకోండి. నేనైతే వివరణ ఇంగ్లీష్‌లో రాసి, మీ దగ్గర జనం వాడే మాటలు అందులో చేరుస్తాను: ఒకరు రేటు అంటారు, ఒకరు ఒడియాలో దర అంటారు, రెండూ ఉండాలి. పొడుగంటే మూడు నాలుగు వాక్యాలకి తగ్గొద్దు.

ప్ర: జయపురం నుంచి. బయట దొరికే ఎంసీపీ సర్వర్ (వేరేవాళ్లు రాసిన టూల్స్‌ని మన ఏజెంట్‌కి అందించే ప్రోగ్రామ్) తగిలిస్తే వివరణ రాసే పని ఉండదు కదా?

జ: రాసే పని ఉండదు, చదివే పని ఉంటుంది. 2024 నవంబర్‌లో ఎంసీపీ వచ్చాక ఎవరో రాసిన వివరణలు నేరుగా మీ మోడల్ ముందుకి వస్తున్నాయి, అందులో "ముందు ఫలానా ఫైల్ చదివి ఇక్కడికి పంపు" లాంటి లైను దాచి పెడితే మోడల్ దాన్నీ పాటించొచ్చు. తగిలించే ముందు ప్రతి టూల్ వివరణ పూర్తిగా చదవండి, సర్వర్ అప్‌డేట్ అయినప్పుడు మళ్లీ చదవండి, అవసరం లేని టూల్స్ ఆపేయండి.