పార్కులో పాత నాణేలు వెతకొచ్చా?

ప్రశ్న: మా అల్లుడు అమెరికా నుంచి మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. తెల్లవారుజామున పార్కులో పాత నాణేలు వెతకాలని ఉంది. ఇబ్బందేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ పిచ్చి నాకూ ఉండేదండీ. విజయవాడలో మా బావమరిదితో కృష్ణ ఇసుకలో ఓ పూటంతా తిరిగితే సోడా మూతలు, పిన్నీసులు, ఒక తాళంచెవి దొరికాయి. మంగళగిరిలో మా అమ్మమ్మగారి పెరట్లో మాత్రం 1944 నాటి చిల్లుకానీ దొరికింది. సంబరంలో చింతపండుతో తోమేశాను. తళతళలాడింది కానీ, నాణేలు కొనేవాడు చూసి మొహం తిప్పుకున్నాడు! మీరు మాత్రం మట్టిని నీళ్లతో కడిగి ఊరుకోండి.

పార్కు నేల మునిసిపాలిటీది. రాతపూర్వక అనుమతి లేనిదే గునపం దించకండి. ఉండవల్లి గుహలు, అమరావతి స్తూపం లాంటి రక్షిత స్థలాల వైపు ఆ యంత్రం తీసుకెళ్లనే వద్దు. ఇంకోటి, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాసివ్వాలి. అవును, పది రూపాయలే! అప్పట్లో అది చిన్న మొత్తమా మరి.

ముందు మీ పెరట్లో మొదలుపెట్టండి. నీళ్ల పైపు ఎటు పోయిందో ఇంట్లో అడిగి తవ్వండి.