తాతగారి క్యాసెట్లు, మనవరాలి కెరీర్

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఈమధ్యే ఎం.ఏ. చరిత్ర పూర్తి చేసింది. మా నాన్నగారు బుర్రకథ మీద పరిశోధన చేసి బోలెడు క్యాసెట్లు, ఫొటోలు, నోటు పుస్తకాలు వదిలివెళ్లారు. వాటిని డిజిటల్ ఆర్కైవ్‌గా భద్రపరుస్తానని, ఆ రంగంలోనే స్థిరపడతానని అంటోంది. స్కానింగ్ డీటీపీ సెంటర్లో కూడా చేస్తారు కదా! బీఈడీలో చేర్పించడం మేలంటారా?

జవాబు: స్కానింగ్ వరకైతే మీరన్నది నిజమేనండి. పేజీకింత అని ఇస్తే ఎవరైనా చేసిపెడతారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక క్యాసెట్ మీద 'పొన్నెకల్లు, రెండో రాత్రి' అని మాత్రమే ఉందనుకుందాం. అది పేరుమోసిన బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ గారి ఊరని తెలిసినవాళ్లు వెంటనే చెవులు నిక్కబొడుచుకుంటారు. తెలియనివాళ్లు పక్కన పెట్టేస్తారు. కథ చెప్పిందెవరు, పక్కన వంతలుగా హాస్యం ఎవరు, రాజకీయం ఎవరు, ఏ కథ, ఏ ఏడాది, రికార్డింగు బయటపెట్టడానికి కళాకారుల సమ్మతి ఉందా... ఇవన్నీ నోటు పుస్తకాల్లోంచి ఏరి ఆ ఫైలుకు జతచేయాలి. ఈ వివరాలనే మెటాడేటా అంటారు. అవి లేకపోతే రికార్డింగు హార్డ్ డిస్కులో ఉన్నా ఎవరికీ దొరకదు. ఇక్కడే మీ అమ్మాయి చదివిన చరిత్ర అక్కరకొస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. విజయవాడ, గుంటూరుల్లో ఏళ్ల తరబడి పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో టైపయ్యాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చిగీతలు కనిపిస్తాయి. వెతికితే ఒక్క మాటా తగలదు. కన్వర్టర్‌తో ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చినా ఒత్తులు, పొల్లులు అక్కడక్కడా చెదురుతాయి. మూలం దగ్గర పెట్టుకుని వరసగా సరిచూడాల్సిందే. తెలుగు బాగా వచ్చి, విషయం తెలిసి, ఓపికగా కూర్చునే మనుషులు దీనికి కావాలి. పేజ్‌మేకర్ నడిచే పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదని నా గట్టి అభిప్రాయం.

జీతాల సంగతి దాచను. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఎక్కువ భాగం ప్రాజెక్టులు, కాంట్రాక్టులే. తాళపత్రాలు, రాతప్రతుల కోసం కేంద్రం 2025 బడ్జెట్‌లో జ్ఞానభారతం మిషన్ ప్రకటించింది. కోటికి పైగా ప్రతుల సర్వే, సంరక్షణ దాని లక్ష్యం. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరుతున్నాయి. యూనివర్సిటీ లైబ్రరీల్లో డిజిటల్ ప్రతులు దాచి వెతికిపెట్టే డీస్పేస్ లాంటి సాఫ్ట్‌వేర్ తెలిసినవారికి పని ఉంది. అయినా వీటినే నమ్ముకుని దిగమని చెప్పను.

నా సలహా లైబ్రరీ సైన్స్ పీజీ. మీకు దగ్గర్లోనే, నాగార్జున యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది. అదే సబ్జెక్టులో యూజీసీ నెట్ అర్హత పరీక్ష పాసైతే కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకు అర్హత వస్తుంది. ఆర్కైవ్ ప్రాజెక్టు దొరక్కపోయినా నిలబడేందుకు ఒక ఉద్యోగ దారి ఉంటుంది. ఢిల్లీ పంపగలిగితే జాతీయ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. ప్రవేశ అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. పాఠం చెప్పడం ఆమెకు ఇష్టమైతేనే బీఈడీ.

ఈలోగా తాతగారి సేకరణనే పనిగా పెట్టుకోమనండి. పది క్యాసెట్లయినా సరే, పూర్తి వివరాలతో సిద్ధం చేస్తే ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్‌ కంటే బాగా పనికొస్తుంది. నాణ్యత తగ్గకుండా ఫొటోలు టిఫ్‌లో, ఆడియో వేవ్‌లో దాచాలి. జేపెగ్, ఎంపీ3లు పంచుకోవడానికి మాత్రమే. మూడు ప్రతులుండాలి, ఒకటి కచ్చితంగా వేరే ఊళ్లో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో ఎన్ని పుస్తకాలు బురదపాలయ్యాయో మీకు తెలియంది కాదు. గురుగ్రామ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత ఆర్కైవ్ ఉంది, పరిశోధకుల ఫీల్డ్ రికార్డింగులు దాచడమే వాళ్ల పని. ఒక ప్రతి అక్కడ ఉంచే వీలుందేమో రాసి అడగండి.

ఒక్క మాట. బూజు పట్టిన క్యాసెట్లను ఇంట్లో ఉన్న టేప్‌రికార్డర్‌లో పెట్టకండి, టేపు తెగొచ్చు. అవి తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాకే వినాలి. మిగిలినవాటికి వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటే ఈ రోజే విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత పాట చెరిగిపోదు.